ఒకే బావికి తొమ్మిది వేర్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, ఉద్యోగ జ్ఞాపకాలు వ్రాద్దామా అనుకున్నాను. కాని బదిలీలూ, ప్రమోషన్లూ, క్వార్టర్ల గొడవలూ మనందరికీ ఉన్నవే. అందుకని చమురు త్రవ్వకం చరిత్రలో నాకు బాగా నచ్చిన ఒక అధ్యాయాన్ని, నా సొంత పొరపాటు ఒకటి కలిపి, ఇక్కడ వ్రాస్తున్నాను. మన సంఘంలో డ్రిల్లింగు వాళ్ళతోబాటు స్టోర్సు, అకౌంట్సు, రవాణా విభాగాల్లో పనిచేసిన వాళ్ళూ ఉన్నారు. వారికి కూడా తెలిసేటట్టు వ్రాయాలని ప్రయత్నం. తెలిసిన మిత్రులు కొన్నిచోట్ల ఓపిక పట్టాలి.

మా ఊరి బావి

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లె. మాకు ఒక కపిల బావి ఉండేది. 1965-66 కరువులో అది అడుగంటింది. ఊళ్ళో అందరూ చేసిన పనే నాన్నగారూ చేశారు. కూలీలను పెట్టి, మందుగుండు పెట్టి బండ పగలగొట్టించి లోతు చేయించారు. పది అడుగులు దిగినా ఊట పెరగలేదు. ఇంకో ఐదు అడుగులు దిగారు. అప్పు పెరిగింది కాని నీళ్ళు పెరగలేదు.

అప్పుడు పక్క ఊరి నుంచి వచ్చిన ఒక బోర్ల మేస్త్రీ, "లోతుకు పోతే లాభం లేదు సామీ, అడ్డానికి పోదాం" అన్నాడు. బావి అడుగున నిలబడి, గోడలోకి అడ్డంగా మూడు బోర్లు వేశాడు. మొదటి రెండూ పొడిగా పోయాయి. మూడోది నలభై అడుగులు పోయాక బండలో పగులు తగిలింది. సన్నని ధార మొదలై, తెల్లవారేసరికి మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నాన్నగారు ఆ నీళ్ళలో దిగి మొహం కడుక్కోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

ఈ అడ్డబోర్లు రాయలసీమలోనూ, తెలంగాణలోనూ రైతులకు కొత్త కాదు. నీళ్ళు కిందనే ఉంటాయనుకుంటాం. బండ నేలల్లో చాలాసార్లు అవి పక్కన ఉంటాయి. ఈ సంగతి ఇంజనీరింగు కాలేజీలో చేరకముందే నాకు తెలుసు. తెలిసీ, ఉద్యోగంలో అవసరమైన రోజున దాన్ని వాడలేకపోయాను. ఆ కథ తరువాత చెబుతాను.

నేల లోపల చమురు

చమురు అనగానే భూమి కింద ఒక చెరువు ఉంటుందనీ, గొట్టం దించి పీల్చుకుంటామనీ చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో వాళ్ళు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. నిజానికి చమురు ఉండేది రాతిలో. ఇసుకరాయిలోని కంటికి కనిపించని రంధ్రాలలో, సున్నపురాయిలోని పగుళ్ళలో, గుల్లల్లో అది పట్టుకొని ఉంటుంది. దాని పైన గ్యాసు, కింద ఉప్పునీరు ఉండవచ్చు.

నిలువు బావి ఆ రాతిపొరను ఎంతమేర తాకుతుంది? పొర మందం ఇరవై మీటర్లైతే ఇరవై మీటర్లే. చుట్టూ వందల మీటర్ల దూరంలో ఉన్న చమురంతా ఆ సన్నని రంధ్రం దగ్గరికి రావాలి. దగ్గరికి వచ్చేకొద్దీ దారి ఇరుకవుతుంది, ఒత్తిడి అక్కడే ఎక్కువగా ఖర్చవుతుంది. తిరునాళ్ళలో గుడి గుమ్మం దగ్గర తొక్కిడి ఎలా ఉంటుందో అలాగన్నమాట. పైపులో గట్టిగా లాగుదామంటే కిందనున్న నీరు కోడిగుడ్డు మొనలా పైకి లేచి బావిలోకి వస్తుంది, లేదా పైనున్న గ్యాసు కిందికి దిగుతుంది. ఒకసారి నీరు దారి చేసుకుందంటే చమురు పక్కనే మిగిలిపోతుంది.

అందుకే ప్రపంచం మొత్తం మీద సగటు చూస్తే, ఒక క్షేత్రంలో ఉన్న చమురులో మూడోవంతు ప్రాంతం మాత్రమే పైకి వస్తుంది. మిగతా రెండు వంతులూ రాతిలోనే ఉండిపోతాయి. మనం జీవితాంతం చేసిన ఉద్యోగం ఆ మూడోవంతును పైకి తేవడమే. మిగిలిపోయే దానిలో ఇంకొంచెం ఎలా తేవాలన్నదే ఈ వ్యాసంలోని చరిత్ర అంతా.

ముందు నడిచినవారు

అడ్డంగా పోదామన్న ఆలోచన పాతదే. అమెరికాలో లియో రానీ అనే ఇంజనీరు 1920లలోనే, ఒక పెద్ద గొయ్యి దించి దాని అడుగు నుంచి చుట్టూ అడ్డబోర్లు వేసి చమురు తీయవచ్చని ప్రయత్నించాడు. చమురు చవకగా దొరికే రోజులు కావడంతో అది సాగలేదు. ఆయన అదే పద్ధతిని మంచినీటికి మళ్ళించాడు. 1930లలో లండన్ నగరానికి అలాంటి బావి ఒకటి కట్టారు. ఢిల్లీలో యమున ఒడ్డున ఉన్న రానీ బావులకు ఆ పేరు ఆయన వల్ల వచ్చిందే. మా ఊరి బోర్ల మేస్త్రీకి రానీ ఎవరో తెలియదు, రానీకి మా మేస్త్రీ తెలియడు. ఇద్దరికీ తోచింది ఒక్కటే.

1929లో టెక్సాస్ రాష్ట్రంలోని టెక్సాన్ దగ్గర ఒక అడ్డ బావి త్రవ్వారు. 1944లో పెన్సిల్వేనియాలోని ఫ్రాంక్లిన్ క్షేత్రంలో, ఐదు వందల అడుగుల లోతున ఉన్న చిక్కని చమురు కోసం మరొకటి త్రవ్వారు. మధ్యలో 1934లో టెక్సాస్‌లోని కాన్రో దగ్గర అదుపు తప్పిన ఒక బావిని, దూరం నుంచి వాలుగా మరో బావి త్రవ్వి ఈస్ట్‌మన్ అనే ఆయన అదుపులోకి తెచ్చాడు. బావిని కావలసిన చోటికి వంచి తీసుకుపోవచ్చునని లోకానికి నమ్మకం కలిగింది అప్పుడే.

ఇక రష్యా వైపు చూద్దాం. అమెరికన్ పద్ధతిలో పైనుంచి పైపుల వరుస మొత్తాన్నీ త్రిప్పితే అడుగున బిట్ తిరుగుతుంది. 1922లో కపెల్యుష్నికోవ్ అనే సోవియట్ ఇంజనీరు టర్బో డ్రిల్ కనిపెట్టాడు. ఇందులో పైపులు తిరగవు. పంపులతో లోపలికి తోసే మడ్డు అడుగునున్న చక్రపు రెక్కల మీద పడి, బిట్‌ను మాత్రమే త్రిప్పుతుంది. పైపులు కదలకుండా ఉండటం వల్ల, అడుగున కొంచెం వంపు పెట్టి బిట్‌ను ఒక పక్కకు మళ్ళించడం తేలిక. 1930లలో ఈ యంత్రాన్ని సోవియట్ ఇంజనీర్లు బాగా మెరుగుపరిచారు. ఈ వ్యాసంలోని కథానాయకుడు వాడింది దాన్నే.

బావి నంబరు 66/45

ఆయన పేరు అలెగ్జాండర్ గ్రిగోరియన్. 1941లో బాకూలో 1385 నంబరు బావిని నిలువు భాగమూ, వాలు భాగమూ రెండూ టర్బో డ్రిల్‌తోనే త్రవ్వి పేరు తెచ్చుకున్నాడు. 1949లో యూరెన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుని ఆలోచన ఒకటి ఆయన దృష్టికి వచ్చింది. చమురు పొరలో బావిని వెడల్పు చేస్తే రాబడి పెరుగుతుందన్నది ఆ ఆలోచన.

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. బావి వ్యాసం రెట్టింపు చేస్తే రాబడి రెట్టింపవుతుందని తోస్తుంది. కాని ఆ లెక్క లాగరిథమ్ మీద నడుస్తుంది. మామూలు బావిలో వ్యాసం రెట్టింపు చేస్తే రాబడి పదిశాతం ప్రాంతంలో పెరుగుతుంది, అంతే. మా నాన్నగారు బావిని ఎంత వెడల్పు చేయించినా ఊట పెద్దగా పెరగకపోవడం వంటిదే ఇదీ. గ్రిగోరియన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. వెడల్పు చేయడం ఎందుకు, చెట్టు వేర్లు మట్టిలోకి పాకినట్టు బావికి కొమ్మలు పెడితే పోలేదా అన్నాడు. మందమైన, ఒకే తీరుగా ఉన్న పొరలో కొమ్మల సంఖ్యను బట్టి రాబడి పెరుగుతుందని రష్యన్ శాస్త్రజ్ఞుడు త్సారెవిచ్ కూడా బలపరిచాడు.

ప్రయోగానికి ఎంచుకున్న చోటు బష్కీరియాలోని ఇషింబాయ్. 1932లో అక్కడ చమురు పడింది. వోల్గా, ఉరల్ ప్రాంతాన్ని రెండో బాకూ అని పిలవడానికి అదే నాంది. అక్కడి పొర సున్నపురాయి. లోతు ఎక్కువ కాదు, రాయి గట్టిది. కేసింగు వేయకపోయినా రంధ్రం కూలకుండా నిలుస్తుంది. ఈ చివరి సంగతి చాలా ముఖ్యం, తరువాత మళ్ళీ వస్తుంది.

1953లో గ్రిగోరియన్ 66/45 నంబరు బావి మొదలుపెట్టాడు. 575 మీటర్ల దాకా ప్రధాన రంధ్రం దించి, చమురు పొర నెత్తిన ఆగాడు. అక్కడి నుంచి ఒకదాని తరువాత ఒకటిగా కొమ్మలు. విప్‌స్టాక్ అంటే పక్కకు మళ్ళించే ఇనుప చీలిక. అది కూడా వాడలేదు. దారి మూయడానికి సిమెంటు దిమ్మ వేయలేదు. కావలసిన చోట టర్బో డ్రిల్‌ను ఆనించి, రాతి గోడను నెమ్మదిగా కోసుకుంటూ, బిట్ లోపలికి జొరబడే దాకా ఓపిక పట్టాడు. ఈనాటిలాగా బిట్ ఎక్కడుందో క్షణక్షణం పైకి చెప్పే సాధనాలు అప్పుడు లేవు. చేతి స్పర్శ మీద, పంపు ఒత్తిడి మీద, అనుభవం మీద చేసిన పని అది.

మొత్తం తొమ్మిది కొమ్మలు. మొదలైన చోటి నుంచి అన్నింటికంటే దూరం పోయిన కొమ్మ 136 మీటర్లు. అన్నీ కలిపి చమురు లాగే నిడివి 322 మీటర్లు. పక్క బావులతో పోలిస్తే ఇది అయిదున్నర రెట్లు ఎక్కువ చమురు రాతిని తాకింది. ఖర్చు ఒకటిన్నర రెట్లు. మరి రాబడి? పక్క బావుల్లో మామూలుగా రోజుకు 7 ఘనపు మీటర్లు వస్తుంటే దీనిలో 120 ఘనపు మీటర్లు వచ్చింది. అంటే 17 రెట్లు.

తాకిన రాయి అయిదున్నర రెట్లే కదా, రాబడి పదిహేడు రెట్లు ఎలా అయింది అని అకౌంట్సు మిత్రులు అడగవచ్చు. సున్నపురాయిలో చమురు నడిచేది ఎక్కువగా పగుళ్ళ గుండా. తొమ్మిది కొమ్మలు తొమ్మిది వైపులకు పోయినప్పుడు, ఒక్క నిలువు బావికి తగలని పగుళ్ళు ఎన్నో తగులుతాయి. ఇది డ్రిల్లరుగా నాకు తోచిన వివరణ. మా బావిలో మూడో అడ్డబోరు చేసిన పని అదే. అయితే ఒక హెచ్చరిక. రోజువారీ రాబడి 17 రెట్లు అంటే, ఆ క్షేత్రం నుంచి జీవితకాలంలో వచ్చే చమురు 17 రెట్లని కాదు. ఆ రెండూ వేరు వేరు లెక్కలు.

మూడు దశాబ్దాల నిద్ర

ఇంత ఫలితం చూశాక లోకమంతా కొమ్మబావులే త్రవ్వి ఉంటారని అనుకుంటాం. అలా జరగలేదు. తరువాతి 27 సంవత్సరాల్లో సోవియట్ క్షేత్రాలలో అలాంటి బావులు మరో 110 మాత్రమే వచ్చాయి. అందులో 30 గ్రిగోరియన్ స్వయంగా త్రవ్వినవి. అంత పెద్ద దేశంలో ఏడాదికి సగటున నాలుగన్నమాట.

ఎందుకిలా అయింది? సాంకేతిక కారణాలు కొన్ని ఉన్నాయి. ఇషింబాయ్ రాయి గట్టిది కాబట్టి రంధ్రాలు నిలిచాయి. మెత్తని ఇసుకరాయిలో అదే పని చేస్తే కొమ్మ మొదట్లోనే కూలిపోతుంది. ఏ కొమ్మలోకైనా మళ్ళీ పరికరం దించాలంటే దారి దొరకదు. ఒక కొమ్మలో నీరు పడితే దాన్ని ఒక్కదాన్నే మూయడానికి వీలు లేదు. ఆ నీరు మిగతా కొమ్మల చమురును కూడా అడ్డగిస్తుంది. పైగా 1960లలో పశ్చిమ సైబీరియాలో మహా క్షేత్రాలు బయటపడ్డాయి. 1965లో సమోత్లోర్ పడింది. నిలువు బావి దించితేనే ధారాపాతంగా వచ్చేచోట కొమ్మలు పెట్టే శ్రమ ఎవరు పడతారు?

వీటన్నిటికంటే నా మనసుకు తగిలిన కారణం ఇంకొకటుంది. సోవియట్ పద్ధతిలో డ్రిల్లింగు బృందం పనిని మీటర్లలో కొలిచేవారు. ఈ నెల ఎన్ని మీటర్లు త్రవ్వారన్నదే లెక్క. గట్టి రాతిలో ఓపికగా వంద మీటర్ల కొమ్మ పెట్టేవాడి కంటే, మెత్తని నేలలో వెయ్యి మీటర్లు దూసుకుపోయేవాడే మెప్పు పొందుతాడు. ఎంత చమురు వచ్చిందన్నది వేరే విభాగం వారి రిజిస్టరు.

ఈ మీటర్ల లెక్క మనకు కూడా కొత్త కాదు. మన దేశంలో చమురు పరిశ్రమ 1950లలో సోవియట్ నిపుణుల సాయంతో నిలదొక్కుకుంది. వాళ్ళ రిగ్గులతో, టర్బో డ్రిల్లులతో బాటు వాళ్ళ రిపోర్టు ఫారాలు కూడా మనకు అలవాటయ్యాయి. ఇక నా సొంత కథ చెబుతాను. ఏ సంస్థ, ఏ రిగ్గు, ఏ సంవత్సరం అన్నది ఇక్కడ అవసరం లేదు.

నేను షిఫ్టు ఇంజనీరుగా ఉన్న ఒక బావిలో పొర పల్చన, కింద నీరు. కొన్ని నెలలు చమురు బాగా వచ్చింది. తరువాత నీరు మొదలై, చివరికి నీరే మిగిలింది. బావిని మూసేయమని ఆదేశం వచ్చింది. పొర ఒక పక్కకు ఎగువగా వాలి ఉందని మ్యాపు చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఎగువన చమురు మిగిలే ఉండాలి. గ్రిగోరియన్ బావి గురించి అప్పటికే ఒక సీనియర్ నోట విన్నాను. ఆయన బాకూలో శిక్షణ పొందిన మనిషి. నేను మా ఇంచార్జిగారి దగ్గరికి వెళ్ళి, "ఇదే బావి నుంచి ఎగువకు రెండు వందల మీటర్లు పక్కకు త్రవ్వి చూద్దామండీ" అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. నవ్వి, "ఏమయ్యా, ఇరవై రోజులు రిగ్గు పెట్టి రెండు వందల మీటర్లా? నెలాఖరు రిపోర్టులో ఏమని వ్రాయమంటావ్?" అన్నారు. నేను మారుమాట్లాడలేదు. మూడో రోజున బావిలో సిమెంటు దిమ్మలు వేసి, పై కేసింగు కోసి లాగేశాం. ఆ మూత వేసిన షిఫ్టు నాదే. రిజిస్టరులో సంతకం కూడా నాదే. చాలా ఏళ్ళ తరువాత ఎగువన చమురు ఉందని నిర్ధారణ అయింది. అప్పటికి పాత బావి పనికిరాదు. నేల మీది నుంచి పూర్తి ఖర్చుతో కొత్త బావి త్రవ్వారు.

ఇంచార్జిగారిది తప్పని నేను అనలేను. ఆయన ముందున్న ఫారంలో ఆ గడి లేదు. తప్పు నాది. నేను నోటితో చెప్పి ఊరుకున్నాను. కాగితం మీద మ్యాపు గీసి, ఖర్చెంత, రాబడి ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన వ్రాసి పైకి పంపి ఉంటే, కాదన్నా సరే, ఫైలులో ఉండేది. గ్రిగోరియన్ బావిని ఇన్నేళ్ళ తరువాత కూడా మనం చెప్పుకుంటున్నామంటే, ఒకటిన్నర రెట్లు ఖర్చు, పదిహేడు రెట్లు రాబడి అన్న రెండంకెలు కాగితం మీద నిలవడం వల్లనే.

మళ్ళీ మొలకెత్తిన కొమ్మ

కొమ్మబావికి రెండో జన్మ ఫ్రాన్సులో మొదలైంది. 1980లో ఎల్ఫ్ కంపెనీ వారు లాక్ క్షేత్రంలో అడ్డ బావి త్రవ్వారు. 1982లో ఇటలీ తీరాన సముద్రంలో రాస్పో మారే క్షేత్రంలో మరొకటి త్రవ్వి, పొరలో అడ్డంగా పోయే బావి నిలువు బావి కంటే ఎన్నో రెట్లు ఇస్తుందని రుజువు చేశారు. అంతకు కొద్దిగా ముందే, 1978 ప్రాంతంలో, బిట్ దగ్గరి కొలతలను మడ్డులోని ఒత్తిడి తరంగాల ద్వారా పైకి పంపే సాధనం మార్కెట్లోకి వచ్చింది. గ్రిగోరియన్ చేతి స్పర్శతో చేసినదాన్ని ఇక అంకెలు చూసి చేయవచ్చు. 1980ల చివర టెక్సాస్‌లోని ఆస్టిన్ చాక్ అనే సున్నపురాయి పొరలో అడ్డ బావులు ముమ్మరమయ్యాయి. ఒకే నిలువు రంధ్రం నుంచి రెండు వైపులా రెండు కొమ్మలు పోయే బావులు అక్కడ మామూలయ్యాయి.

నార్వేలో ట్రోల్ క్షేత్రం కథ ఇంకా చిత్రమైనది. సముద్రం లోతు మూడు వందల మీటర్లకు పైన. పైన బ్రహ్మాండమైన గ్యాసు, కింద నీరు, మధ్యలో చమురు పొర కొన్నిచోట్ల 22 నుంచి 26 మీటర్లు, మరికొన్ని చోట్ల 11 నుంచి 13 మీటర్లు మాత్రమే. నిలువు బావితో దాన్ని తీయడమంటే పాల మీది మీగడను చెంచా నిలబెట్టి తీయడం వంటిది. అందుకే అక్కడ అడ్డ బావులు, 1990ల ద్వితీయార్ధం నుంచి కొమ్మబావులు వాడి, ఒకప్పుడు లాభసాటి కాదనుకున్న చమురును పెద్ద ఎత్తున తీశారు. వెనిజులాలోని ఒరినోకో ప్రాంతపు చిక్కని చమురుకూ చేప ముల్లు ఆకారంలో కొమ్మలు పెట్టారు.

ఎడారిలో సౌదీ అరేబియా వారు ఇంకా దూరం వెళ్ళారు. షైబా క్షేత్రంలో 2002లో త్రవ్విన ఒక బావికి ఎనిమిది కొమ్మలు. చమురు రాతిని అది తాకిన మొత్తం నిడివి 12.3 కిలోమీటర్లు. హరధ్ అనే చోట వారు మూడు దశల్లో పని చేశారు. 1996లో మొదటి దశ నిలువు బావులతో, 2003లో రెండో దశ అడ్డ బావులతో, 2006లో మూడో దశ కొమ్మబావులతో. ఈ మూడో దశలో రోజుకు 3 లక్షల బ్యారెళ్ళ సామర్థ్యానికి 32 ఉత్పత్తి బావులు సరిపోయాయి. ఒకే నేల మీద, పదేళ్ళ కాలంలో, మూడు తరాల పద్ధతులూ పక్కపక్కన కనిపించే చోటు అది.

కిటుకంతా కీలు దగ్గర

కొమ్మబావి రూపకల్పనలో అసలు కష్టం కొమ్మ త్రవ్వడం కాదు. కొమ్మ ప్రధాన బావిని కలిసే చోటు, అంటే కీలు, కష్టం. వడ్రంగికి తలుపు చేయడం తేలికే, బందు బిగించడంలోనే పనితనమంతా. 1997లో చమురు కంపెనీల నిపుణులు స్కాట్లండులోని అబర్డీన్‌లో సమావేశమై, ఈ కీళ్ళను ఆరు తరగతులుగా విభజించారు. అప్పటిదాకా ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచేవారు.

మొదటి తరగతిలో ప్రధాన బావికీ, కొమ్మకీ దేనికీ కేసింగు ఉండదు. గ్రిగోరియన్ బావి ఇదే. రెండో తరగతిలో ప్రధాన బావికి కేసింగు, సిమెంటు ఉంటాయి, కొమ్మ ఉత్త రంధ్రం. కేసింగుకు కిటికీ కోసి దాని గుండా బయటికి వెళతారు. మూడో తరగతిలో కొమ్మలోకి కూడా పైపు దించి కీలు దగ్గర తగిలిస్తారు, సిమెంటు ఉండదు. నాలుగులో కీలుకు సిమెంటు కూడా వేస్తారు. అయితే సిమెంటు ఒత్తిడిని ఆపలేదు. అయిదులో ప్యాకర్లూ, లోపలి గొట్టాలూ అమర్చి ఒత్తిడి తట్టుకొనేలా చేస్తారు. ఆరులో కేసింగు కీలే స్వయంగా ఒత్తిడిని ఆపుతుంది.

తరగతి పెరిగేకొద్దీ ఖర్చు, ప్రమాదం రెండూ పెరుగుతాయి. కనుక మంచి డిజైనరు అడిగే మొదటి ప్రశ్న, ఈ రాతికి ఏ తరగతి చాలు అని. రాయి గట్టిదైతే మొదటి రెండూ సరిపోతాయి. ఇసుక రాలే చోట, రెండు పొరల ఒత్తిడులు వేరైన చోట పై తరగతులు కావాలి. పొరలు ఒకదానిపై ఒకటి ఉంటే కొమ్మలను పైకీ కిందికీ పేర్చాలి. పొర ఒక్కటే, పల్చన అయితే పక్కలకు పరచాలి. గ్రిగోరియన్‌ను వేధించిన మరో సమస్యకు కూడా 1997లోనే జవాబు మొదలైంది. ఉత్తర సముద్రంలో నార్వేకు చెందిన స్నోరె క్షేత్రంలో, పైనుంచే బావి లోపలి కవాటాలను తెరిచి మూసే ఏర్పాటును అమర్చారు. నీరు పడిన కొమ్మను మూసి, మిగతావాటిని నడుపుకొనే వీలు దీనితో కలిగింది.

మన ముంబై హై

మన దేశానికి వస్తే, సహజంగా ముంబై హై గుర్తుకు వస్తుంది. 1960లలో సోవియట్ నౌక సర్వేలో ఆ నిర్మాణం కనిపించింది. 1974 ఫిబ్రవరిలో సాగర్ సమ్రాట్ రిగ్గు అక్కడ చమురు కనుగొన్నది. 1976 మే నెలలో ఉత్పత్తి మొదలైంది. అప్పుడు ఉద్యోగంలో ఉన్నవారికి ఆ సంబరం గుర్తుండే ఉంటుంది.

ముంబై హై రాయి కూడా ప్రధానంగా సున్నపురాయే, అదీ పొరలు పొరలుగా. ఒక పొర బాగా ఇస్తుంది, దాని పక్క పొర ఇవ్వదు. నిలువు బావి అన్నింటినీ ఒకేసారి తాకినా, బాగా పారే పొర నుంచే చమురు ముందు వస్తుంది, నీరూ అక్కడి నుంచే ముందు పడుతుంది. మిగతా పొరల్లో చమురు వెనకబడిపోతుంది. పైగా సముద్రంలో ప్లాట్‌ఫారానికి ఇన్నే బావులని స్థలం ముందే కట్టివేసి ఉంటుంది. కొత్త బావి కావాలంటే కొత్త ప్లాట్‌ఫారం కావాలి, లేదా పాత బావి నుంచే పక్కకు పోవాలి.

2000 తరువాత ఓఎన్‌జీసీ చేపట్టిన ముంబై హై పునరభివృద్ధి పథకాలలో పాత బావుల నుంచి పక్కదారులు, అడ్డ బావులు, కొమ్మబావులు చోటు చేసుకోవడానికి కారణం ఇదే. తేడా కూడా చెప్పాలి. పక్కదారి అంటే పాత దారి మూసి కొత్త దారి పట్టడం. కొమ్మబావి అంటే పాతదీ, కొత్తదీ రెండూ పనిచేయడం. మన కోనసీమ బావులు ఎక్కువగా లోతైన గ్యాసు బావులు. గ్యాసు చమురు కంటే తేలికగా రాతిలో నడుస్తుంది కనుక ప్రతిచోటా కొమ్మలు అక్కరలేదు. ఎక్కడ పనికివస్తుందో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ అక్కరలేదో తెలియడమూ అంతే ముఖ్యం.

మిత్రులకు ఒక మాట

పాత బావి నుంచి కొమ్మ పెట్టాలంటే ఈనాటి ఇంజనీరుకు ముందుగా కావలసింది పాత బావి చరిత్ర. కేసింగు ఎక్కడ దెబ్బతిన్నది, సిమెంటు ఎక్కడ సరిగా పట్టలేదు, తెగిపడిన పైపు ముక్క ఏ లోతులో వదిలేశాం, మడ్డు ఎక్కడ మాయమైంది. ఇవన్నీ రిజిస్టర్లలో ఉండాలి. ఉన్నాయా? నెలాఖరు రిపోర్టు చక్కగా కనిపించడం కోసం మనలో ఎంతమందిమి రెండు వాక్యాలను ఒక వాక్యం చేశామో మనకు తెలుసు.

అందుచేత నా విన్నపం ఒక్కటే. మీలో ఎవరికైనా ఏదైనా బావి గురించి రిజిస్టరులో లేని సంగతి గుర్తుంటే, తారీఖు, లోతు, జరిగిన విషయం, మూడూ ఒక కాగితం మీద వ్రాయండి. సంబంధిత కార్యాలయానికి పంపండి. వాళ్ళు వాడుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం. నేను మూసిన బావి గురించి ఆరు పేజీలు వ్రాసి కిందటి సంవత్సరం పంపాను. జవాబు రాలేదు. అందినట్టు రసీదు మాత్రం వచ్చింది, దాన్ని దాచుకున్నాను.

మా ఊరి బావి ఇప్పుడు పూడిపోయింది. అన్నయ్య పిల్లలు దాని పక్కనే కరెంటు బోరు వేసుకున్నారు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఆ మూడో అడ్డబోరు ఏ దిక్కున పడిందని మా అన్నయ్యను అడిగాను. "తూర్పుకా, ఈశాన్యానికా, గుర్తు లేదురా. నాన్నకే తెలుసు" అన్నాడు. నాన్నగారు ఎక్కడా వ్రాసిపెట్టలేదు. ఆ మాటే ఈ వ్యాసం వ్రాయడానికి కారణం.